పెన్సిల్వేనియాలో మొదటి ఓటు: మూడో పార్టీకి వేస్తే వృథాయేనా?

కొత్త ఓటరు (బక్స్ కౌంటీ, పెన్సిల్వేనియా)
అక్టోబర్ 9, 2024

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి ఇంట్లో పంచాయితీ తెగక రాస్తున్నాను.

అమెరికా వచ్చిన పంతొమ్మిదేళ్లకి, మొన్న ఏప్రిల్లో ఫిలడెల్ఫియాలో పౌరసత్వ ప్రమాణం చేశాను. ఇంటర్వ్యూకి ముందు అందరం వంద ప్రశ్నలు బట్టీ పట్టాం కదా, అందులో నన్నడిగిన వాటిలో ఒకటి: ఈ దేశంలో రెండు పెద్ద పార్టీలు ఏవి? డెమొక్రటిక్, రిపబ్లికన్ అని ఠక్కున చెప్పేశాను, ఆఫీసరు తలూపింది. ఇప్పుడు శాంపిల్ బ్యాలెట్ తీసి చూస్తే అధ్యక్ష పదవి దగ్గర అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జంటలు నాలుగున్నాయి. హారిస్–వాల్జ్, ట్రంప్–వాన్స్ సరే. వాళ్లు కాక పర్యావరణం ముఖ్యమనే గ్రీన్ పార్టీ నుంచి జిల్ స్టైన్, ప్రభుత్వ జోక్యం తక్కువుండాలనే లిబర్టేరియన్ పార్టీ నుంచి చేజ్ ఆలివర్. పరీక్షలో లేని ఆ రెండు పార్టీల గురించే నా గొడవ.

మా ఇంట్లో ముగ్గురికీ ఇదే మొదటి అధ్యక్ష ఎన్నిక. మా ఆయన నిరుడు పౌరుడయ్యాడు. పెద్ద పార్టీల్లో ఒకదానికి గట్టిగా ఉన్నాడు. ఏదో చెప్పను, చెబితే చర్చ అటు కొట్టుకుపోతుంది. మా అబ్బాయికి జూలైలో పద్దెనిమిది నిండాయి, పిట్స్‌బర్గ్‌లో చదువుతున్నాడు, గ్రీన్ పార్టీ అంటున్నాడు. నాకేమో లిబర్టేరియన్ వైపు మనసు లాగుతోంది. వాళ్లు చెప్పేవన్నీ నచ్చి కాదు. మా తమ్ముడు 2013 నుంచి గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాడు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదనే కోటా వాణ్ని కదలనివ్వదు. రెండు పెద్ద పార్టీలూ సరిహద్దు గురించి గంటలు గంటలు మాట్లాడతాయి. పద్ధతిగా వచ్చి లైన్లో నిలబడ్డవాళ్ల ఊసు ఏ సభలోనూ వినలేదు. ఇంకుడు గుంతలో నీళ్లలా వాళ్లు ఎటో ఇంకిపోయారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. అలవాటు కొద్దీ ఎక్సెల్ షీటు వేశాను. పదకొండు అంశాలు, నలుగురు అభ్యర్థులు, ఒక్కో అంశానికి వెయిటేజీ. మొదటిసారి ఆలివర్ గెలిచాడు. ఆరోగ్య బీమాకి వెయిటేజీ రెండు పాయింట్లు పెంచితే ఇంకొకరు గెలిచారు. పన్నులకి పెంచితే మరొకరు. ఇన్‌పుట్ కొంచెం కదిపితే రిజల్టు తిరగబడే టెస్టుని మా ఆఫీసులో నేనే వెనక్కి కొడతాను.

మా ఆయన మాట ఒకటే: "పెన్సిల్వేనియాలో మూడో పార్టీకి ఓటంటే బూడిదలో పోసిన పన్నీరు." అబ్బాయి మాట: "అందరూ అలా అనుకోబట్టే ఎప్పటికీ ఇద్దరే ఉంటారు నాన్నా." ఇద్దరిదీ నిజంలాగే ఉంది. రోజుకి ఆరేడు కరపత్రాలు మెయిల్‌బాక్సులో పడుతున్నాయి, వారాంతం వస్తే తలుపు కొట్టేవాళ్లు. ఈ రాష్ట్రంలో ఓటు చాలా బరువైనదని అందరూ నాకు చెప్పేవాళ్లే. ఇన్నేళ్లు ఎదురుచూసిన మొదటి ఓటు లెక్కలు చూసుకుని వేయాలా, నచ్చినవాళ్లకి వేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఎవరికి వేయాలో చెప్పొద్దు, ఎలా ఆలోచించాలో చెప్పండి చాలు.


ఫ్లోరిడా పాతకాపు
అక్టోబర్ 9, 2024

అమ్మా, నీ ప్రశ్నకి జవాబు 2000లో నా కళ్ల ముందే నడిచింది. అప్పుడు టాంపాలో ఉన్నాను. నాది గ్రీన్‌కార్డే, ఓటు లేదు. ఆఫీసులో నా పక్క సీటాయన పర్యావరణం అంటే ప్రాణం పెట్టేవాడు, గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నేడర్‌కి వేసొచ్చి గర్వంగా చెప్పాడు. ఆ రాత్రి టీవీలు ఫ్లోరిడా డెమొక్రాట్ గోర్‌దన్నాయి, తర్వాత రిపబ్లికన్ బుష్‌దన్నాయి, తెల్లారేసరికి ఎవరిదీ కాదన్నాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లి డిసెంబర్ మధ్యలో తేలింది. బుష్ ఫ్లోరిడా గెలిచింది 537 ఓట్లతో. నేడర్‌కి అదే ఫ్లోరిడాలో వచ్చినవి 97,488. దేశం మొత్తం మీద గోర్‌కి అయిదు లక్షలకి పైగా ఎక్కువ ఓట్లు వచ్చినా అధ్యక్షుడు కాలేదు, ఈ ఒక్క రాష్ట్రం వల్ల.

మా పక్క సీటాయన రెండు నెలలు మధ్యాహ్నం భోజనానికి మాతో కూర్చోలేదు. ఎవరో ఒకరు అంటారని భయం. నిజంగానే అన్నారు కూడా.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. ఆయన తర్వాత నాతో ఒక మాట అన్నాడు: "నేడర్ లేకపోతే నేను అసలు ఓటుకే వెళ్లేవాణ్ని కాదు. నా ఓటు గోర్ జేబులోంచి తీసింది కాదు." అది కొట్టిపారేయలేం. పైగా ఆ బ్యాలెట్ మీద పదిమంది ఉన్నారు. సోషలిస్ట్ వర్కర్స్ పార్టీకి వచ్చినవే 562, అంటే అవి కూడా 537 కంటే ఎక్కువే. వాళ్లనెవరూ తిట్టలేదు. పామ్ బీచ్ కౌంటీలో పేర్లు రెండు వైపులా, రంధ్రాలు మధ్యలో పెట్టి సీతాకోకచిలుకలాంటి బ్యాలెట్ వేశారు. గోర్‌కి వేద్దామనుకుని ఇంకో చిన్న పార్టీ అభ్యర్థి బుకానన్‌కి పొడిచినవాళ్లే వేలల్లో ఉన్నారన్నారు. తేడా అంత సన్నగా ఉన్నప్పుడు కారణాలు వంద ఉంటాయి. నేడర్ వాటిలో ఒకటి, అంతే.

నేను మా పిల్లలకి చెప్పేది ఇదే. నవంబర్ 6 పొద్దున లేచావు. నీ రాష్ట్రం అయిదారు వందల తేడాతో నీకు బొత్తిగా నచ్చని మనిషికి పోయింది. నువ్వు వేసిన ఓటు గుర్తొచ్చింది. అప్పుడు నీకు కాఫీ గొంతు దిగుతుందా? దిగుతుందంటే మూడో పార్టీకి నిక్షేపంగా వెయ్యి, ఎవరి మాటా వినకు. దిగదంటే నీకు జవాబు తెలిసిపోయినట్టే.


నెవాడా నుంచి
అక్టోబర్ 10, 2024

మా రాష్ట్రానికి వచ్చేయండి. బ్యాలెట్ మీదే "వీళ్లెవరూ కాదు" అన్న గడి ఉంటుంది, డెబ్భైల నుంచీ ఉంది. ఈ ఫిబ్రవరిలో రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) నిక్కీ హేలీ మీద ఆ గడే గెలిచింది. కాకపోతే దానికి ఎన్ని ఓట్లొచ్చినా పదవి దక్కేది పేరున్న మనిషికే. కోపం తీరుతుంది, పని జరగదు.


బే ఏరియా బ్యాచ్
అక్టోబర్ 10, 2024

అక్కా, నేను 2016లో లిబర్టేరియన్ గేరీ జాన్సన్‌కి వేశాను. సిగ్గేం లేదు, కానీ ఆ ఓటు కథ పూర్తిగా చెప్తాను.

కాలిఫోర్నియాలో ఆ ఏడాది డెమొక్రాట్ హిలరీ క్లింటన్ మెజారిటీ 40 లక్షలు దాటింది. నేను ఎవరికి వేసినా రాష్ట్రం వెంట్రుకవాసి కూడా కదలదు. అందుకే ధైర్యం. నా ధైర్యానికి అయిన ఖర్చు సున్నా. అందుకని మీ అబ్బాయి క్లాసులో ఎవరైనా కాలిఫోర్నియా కుర్రాడు "నేను వేశాను, నువ్వెందుకు వేయవు" అంటే నమ్మొద్దని చెప్పండి. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాళ్లకి ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ పోతాయి (రాష్ట్రానికి ఇన్ని అని ఉంటాయి, అధ్యక్షుణ్ని తేల్చేవి అవే). మావి 54, ఎటు పోతాయో ఇప్పుడే చెప్పొచ్చు. మీవి 19, వాటి కోసమే అందరూ మీ ఇంటి తలుపు కొడుతున్నారు.

అప్పుడు నా ఆశ ఏంటంటే, అయిదు శాతం. దేశం మొత్తం మీద ఒక పార్టీకి అయిదు శాతం ఓట్లొస్తే వచ్చే ఎన్నికకి ప్రభుత్వ నిధులు వస్తాయి. జాన్సన్‌కి సుమారు 45 లక్షల ఓట్లు వచ్చాయి, శాతంలో 3.3. దగ్గర దాకా వచ్చి ఆగిపోయింది. వారం రోజులు బాధపడ్డాను. తర్వాత రాస్ పెరో చరిత్ర చదివాక ఆ బాధ పోయి ఇంకో బాధ మొదలైంది.

పెరో అనే కోటీశ్వరుడు 1992లో అధ్యక్ష పదవికి స్వతంత్రుడిగా నిలబడ్డాడు, సొంత డబ్బు, టీవీలో అరగంట అరగంట చార్టులు పట్టుకుని బడ్జెట్ లోటు గురించి చెప్పాడు. జూలైలో తప్పుకున్నాడు, అక్టోబర్లో మళ్లీ వచ్చాడు. అంత గందరగోళం చేసి కూడా దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. అయిదుగురిలో ఒకరు అనుకోండి. ఎలక్టోరల్ ఓట్లు ఎన్నో తెలుసా? ఒక్కటీ లేదు. ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాలేదు. అదే 1968లో జార్జ్ వాలెస్ తెచ్చుకున్నది 13.5 శాతమే. అయినా దక్షిణాది రాష్ట్రాలు అయిదు గెలిచి 46 ఎలక్టోరల్ ఓట్లు పట్టుకెళ్లాడు. ఎందుకంటే అతని ఓట్లన్నీ ఒకచోట పోగుపడి ఉన్నాయి (అతని రాజకీయం జాతుల్ని విడదీసే రాజకీయం, అది వేరే సంగతి). అంటే ఈ పద్ధతిలో ఎంతమందికి నచ్చావన్నది కాదు, ఎక్కడ నచ్చావన్నదే లెక్క. గ్రీన్‌గానీ లిబర్టేరియన్‌గానీ దేశమంతా పలచగా పరుచుకుని ఉంటారు. పలుచని మజ్జిగలో వెన్న తీయడం లాంటిది.

సరే, అయిదు శాతం సంగతి. పెరో 1996లో రిఫార్మ్ పార్టీ పేరుతో 8 శాతం పైన తెచ్చుకున్నాడు. దాంతో 2000లో ఆ పార్టీకి 1 కోటి 26 లక్షల డాలర్ల ప్రభుత్వ సొమ్ము వచ్చింది. వచ్చాక ఏం చేశారు? ఆ డబ్బున్న టికెట్టు కోసం కొట్టుకున్నారు. రెండు ముక్కలయ్యారు. టికెట్టు దక్కిన బుకానన్‌కి (పై అంకుల్ చెప్పిన ఆయనే) అర శాతం కూడా రాలేదు. ఆ తర్వాత పార్టీ పేరు విన్నారా ఎక్కడైనా? ఇంకో తమాషా, ఈ సొమ్ముతో పాటు ఖర్చుకి పరిమితి కూడా వస్తుంది కాబట్టి పెద్ద పార్టీల వాళ్లు 2012 నుంచి అసలు ముట్టుకోవడమే లేదు.

అయితే పెరో ఓట్లు వృథా అనను. 1992 తర్వాత రెండు పెద్ద పార్టీలూ బడ్జెట్ లోటు గురించి మాట్లాడక తప్పలేదు. ఆ 19 శాతాన్ని ఎవరు లాక్కుంటారన్నది పోటీ అయింది. కానీ అది 19 శాతం ఉంటే వచ్చిన గౌరవం. ఒక శాతానికి ఎవరూ తిరిగి చూడరు. అభ్యర్థుల టీవీ చర్చల్లోకి రావాలన్నా సర్వేల్లో 15 శాతం ఉండాలంటారు. ఈ జూన్లో సీఎన్‌ఎన్ చర్చకి రాబర్ట్ కెనెడీ జూనియర్ కూడా దాన్ని అందుకోలేకపోయాడు, ఆగస్టులో తప్పుకుని ట్రంప్‌కి మద్దతిచ్చాడు. మూడో మనిషి కథ సాధారణంగా అలాగే ముగుస్తుంది.

ఒక ఐడియా చెప్పనా? ఓటు మార్పిడి. నేనిక్కడ మీ బదులు ఆలివర్‌కి వేస్తాను, మీరక్కడ నా బదులు పెద్ద పార్టీల్లో నాకు నచ్చినవాళ్లకి వేయండి. 2000లో దీనికి వెబ్‌సైట్లే ఉండేవి.


కొత్త ఓటరు
అక్టోబర్ 10, 2024

తమ్ముడూ, ముక్కూ మొహం తెలియని నీ మాట మీద నా మొదటి ఓటు తాకట్టు పెట్టనా! అయినా పెరో కథకి థాంక్స్, మా అబ్బాయికి ఫోన్లో చదివి వినిపించాను. "అమ్మా, రేపు మిడ్‌టర్మ్ పరీక్ష ఉంది" అని పెట్టేశాడు.

పాతకాపు గారూ, మీ కాఫీ ప్రశ్న రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. మా రాష్ట్రం లెక్కలు తీశాను. 2016లో ఇక్కడ ట్రంప్ మెజారిటీ 44,292. జిల్ స్టైన్‌కి దాదాపు 50 వేలు, జాన్సన్‌కి 1 లక్షా 46 వేలు. 2020లో బైడెన్ మెజారిటీ 80,555, లిబర్టేరియన్ జార్గెన్సన్‌కి 79 వేల పైన. రెండుసార్లు రెండు వేర్వేరు పార్టీలు గెలిచాయి, రెండుసార్లూ మెజారిటీ, మూడో పార్టీల ఓట్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకునేంత దగ్గరగా ఉన్నాయి. అంటే మా ఆయన చెప్పినట్టు బూడిదలో పోసిన పన్నీరైతే కాదు. అసలు దేన్నీ కదల్చనిది వృథా అవుతుంది గానీ, ఇది కదల్చగలదు. ఎటు కదులుతుందో నా చేతిలో ఉండదు, అదీ నా భయం.


మెయిన్ చలి
అక్టోబర్ 11, 2024

మేం మెయిన్‌లో ఉంటాం. సంక్రాంతికి హాలు బుక్ చేస్తే సగం కుర్చీలు ఖాళీగా ఉండేంత మంది తెలుగువాళ్లం. కానీ మీ ఇంటి గొడవ మా రాష్ట్రంలో లేదు, అందుకే రాస్తున్నా.

ఇక్కడ బ్యాలెట్ మీద ఒక్కరికే గడి నింపి రానక్కర్లేదు. మొదటి ఇష్టం ఫలానా, రెండో ఇష్టం ఫలానా అని వరుస ఇవ్వొచ్చు. ఎవరికీ సగం దాటకపోతే చివరివాళ్లని తీసేసి, వాళ్ల ఓట్లని రెండో ఇష్టానికి కలుపుతారు. 2020లో అధ్యక్ష ఎన్నికకి దేశంలో మొదటిసారి ఇలా వాడింది మేమే. మీ అబ్బాయి ఇక్కడుంటే గ్రీన్‌కి ఒకటి, ఇంకొకరికి రెండు వేసి హాయిగా నిద్రపోయేవాడు.

ఇది ఊరికే రాలేదు. 2010 గవర్నర్ ఎన్నికలో పాల్ లెపేజ్ 38 శాతం కూడా రాకుండానే గెలిచాడు. స్వతంత్ర అభ్యర్థి కట్లర్ 36 దగ్గర ఆగాడు, డెమొక్రాట్ మిచెల్ 19 దగ్గర. నూటికి అరవైమందికి పైగా వద్దన్న మనిషి గవర్నర్ ఎలా అయ్యాడన్న మంట ఏళ్ల తరబడి ఆరలేదు. 2016లో జనమే ఓటేసి ఈ పద్ధతి తెచ్చుకున్నారు. 2018లో కాంగ్రెస్‌కి (అమెరికా పార్లమెంటు) మా రెండో నియోజకవర్గంలో దీని పని చూశాం. మొదటి లెక్కలో పాలిక్విన్ ముందున్నాడు, స్వతంత్రుల ఓట్ల రెండో ఇష్టాలు కలిపాక గోల్డెన్ గెలిచాడు. ఓడినాయన కోర్టుకెళ్లాడు, నిలబడలేదు. మా పక్కింటి పెద్దాయనకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, "ముందున్నవాడు ఓడటమేంటి" అంటాడు. అందరికీ నచ్చిందని చెప్పను.

ఈ నవంబర్లో నెవాడా, ఒరెగాన్, కొలరాడో, ఐడహో ఓటర్ల ముందు ఇలాంటి ప్రతిపాదనలే ఉన్నాయి. అలాస్కాలో ఉన్నదాన్ని తీసేయాలా అని అడుగుతున్నారు. మీకు పెన్సిల్వేనియాలో లేదు కదా అంటారా, నిజమే. నా మాటల్లా ఒకటే. మూడో పార్టీ బతకాలంటే మూడో పార్టీకి ఓటేయడం కంటే ఈ పద్ధతి కోసం రాష్ట్ర అసెంబ్లీ వాళ్ల వెంటపడటమే దగ్గర దారని మా అనుభవం.


బూత్ అత్తయ్య (మాంట్‌గోమరీ కౌంటీ, పెన్సిల్వేనియా)
అక్టోబర్ 12, 2024

మీ పక్క కౌంటీ నుంచే అమ్మాయ్. 2018 నుంచి ప్రతి ఎన్నికకీ పోలింగ్ బూత్‌లో కూర్చుంటున్నాను, పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా. రాజకీయం నేను మాట్లాడకూడదు, మాట్లాడను. పనికొచ్చేవి చెప్తాను.

ముందు ఆ బే ఏరియా అబ్బాయి మాట మీద. ఓటు మార్పిడి తప్పు కాదని 2007లో తీర్పిచ్చింది పడమటి రాష్ట్రాల అప్పీలు కోర్టు. పెన్సిల్వేనియా దాని కిందికి రాదు. అలాంటి ఒప్పందాల జోలికి పోకు తల్లీ. కొత్తగా పౌరసత్వం తీసుకున్నదానివి, నీకెందుకు ఆ తలనొప్పి.

రెండోది, మీ తమ్ముడి లైను. నాకు మీ పోస్టు చదవగానే అనిపించింది, ఈ అమ్మాయి తప్పు గడి దగ్గర నిలబడి ఆలోచిస్తోందని. ఏడు శాతం కోటా కాంగ్రెస్ చేసిన చట్టం. అధ్యక్షుడు సంతకం చేయాలి నిజమే, కానీ బిల్లు ముందు ఆ బల్ల దాకా రావాలి కదా. 2019 జూలైలో దాన్ని ఎత్తేసే బిల్లు కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌లో 365–65తో పాసైంది. రెండు పార్టీల వాళ్లూ వేశారు. 2020 డిసెంబర్లో ఎగువ సభ సెనేట్ కూడా పాస్ చేసింది, కానీ వేరే రూపంలో. రెండూ ఒకటి కాకుండానే ఆ కాంగ్రెస్ కాలం అయిపోయింది, బిల్లు చచ్చిపోయింది. పెళ్లికి అంతా సిద్ధమయ్యాక ముహూర్తం దాటిపోయినట్టు. మా అల్లుడు కూడా ఆ లైన్లోనే ఉన్నాడు, అందుకే తేదీలతో సహా గుర్తు. కాబట్టి ఆ ఒక్క విషయానికైతే అధ్యక్షుడి గడి కంటే కింద సెనేటు, హౌస్ గడుల దగ్గర ఎక్కువసేపు ఆగు. మీ హౌస్ అభ్యర్థుల ఆఫీసులకి ఫోన్ చేసి అడుగు. మీరు కోటా మీద ఏమంటారు అని. ఎత్తుతారు, ఎన్నికల ముందు తప్పకుండా ఎత్తుతారు.

మూడోది, బ్యాలెట్ సంగతి. ఒకే గడి నింపితే పార్టీ మొత్తానికి పడే పద్ధతి మన రాష్ట్రంలో 2020 నుంచి లేదు. పై గడి ఒకటి నింపి అంతా అయిపోయిందనుకుని వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సెనేట్, హౌస్, అటార్నీ జనరల్, ఆడిటర్ జనరల్, ట్రెజరర్, రాష్ట్ర అసెంబ్లీ, అన్నీ విడివిడిగా నింపాలి. అక్కడా మూడో పార్టీల వాళ్లున్నారు. అధ్యక్షుడి దగ్గర పెద్ద పార్టీకి వేసి కింద ఇంకొకరికి వేయడానికి ఏ అడ్డూ లేదు. అధ్యక్షుడి గడి ఖాళీ వదిలేసినా మిగతావి చెల్లుతాయి. అలా వదిలేసేవాళ్లు ఉంటారు, నేను తప్పనను.

బూత్‌కి వస్తే మొదటిసారి కాబట్టి ఐడీ తీసుకురా. మెయిల్లో అయితే బ్యాలెట్‌ని ముందు లోపలి సీక్రసీ కవర్లో పెట్టి, దాన్ని బయటి కవర్లో పెట్టి, సంతకం, తేదీ. ఆ లోపలి కవరు మర్చిపోతే ఓటు పక్కన పెట్టేస్తారు. నవంబర్ 5 రాత్రి 8 గంటలకల్లా కౌంటీకి చేరాలి. పోస్టాఫీసు ముద్ర తేదీ లెక్కలోకి రాదు. మీ అబ్బాయికి మరీ మరీ చెప్పు, కాలేజీ పిల్లలు చివరి రోజు పోస్టు డబ్బాలో వేసి చేరిందనుకుంటారు.


ఫ్లోరిడా పాతకాపు
అక్టోబర్ 12, 2024

అత్తయ్యగారూ, నేను రెండు పేజీలు రాశాను గానీ కోటా బిల్లు సంగతి తట్టలేదు. నమస్కారం.


బే ఏరియా బ్యాచ్
అక్టోబర్ 13, 2024

మార్పిడి ఐడియా వెనక్కి తీసుకున్నా. అత్తయ్యతో పెట్టుకోను.


కొత్త ఓటరు
అక్టోబర్ 19, 2024

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి. మెయిల్ బ్యాలెట్ వచ్చింది, నిన్న నింపాను.

షీటులో తప్పెక్కడుందో దొరికింది. నలుగురిలో నాకెవరు ఎంత నచ్చారో పదకొండు వరుసల్లో కొలిచాను. నా ఓటు పడితే ఏం జరుగుతుందన్నదానికి ఒక్క కాలమ్ కూడా లేదు. ఆ కాలమ్ పెట్టాక లెక్క చాలా చిన్నదైపోయింది. ఈ రాష్ట్రంలో ఈసారి గెలవగలిగేది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఎవరొస్తే నేను ఎక్కువ భయపడతానన్నది నాకు ముందు నుంచీ తెలుసు. ఇద్దరూ నచ్చలేదని గొణుక్కుంటూ ఆ సంగతి పక్కకి నెట్టాను. కాఫీ ప్రశ్న దాన్ని మళ్లీ ముందుకి తెచ్చింది. అలాగని మా ఆయన గెలిచాడనుకోకండి. ఆయన ఎవరికి వేయమన్నాడో, నేను ఎవరికి వేశానో ఇక్కడ రాయను.

హౌస్ అభ్యర్థుల ఆఫీసులకి ఫోన్ చేశాను. ఒకచోట ఎవరో కుర్రాడు ఎత్తి, కోటా అంటే ఏంటని నన్నే అడిగాడు. పది నిమిషాలు క్లాసు తీసుకున్నాను, రాసుకున్నాడు పాపం. ఇంకోచోట మెసేజీ పెట్టమన్నారు, మూడో రోజు తిరిగి ఫోన్ వచ్చింది, జవాబు మాత్రం గోడ మీద పిల్లివాటం. ఆ రెండు ఫోన్లతో హౌస్ గడి నింపడం సులువైంది. కింద ఒక పదవి దగ్గర మాత్రం మూడో పార్టీ మనిషికి వేశాను. అభ్యర్థులందరి పేజీలూ చదివితే, ఆ పదవి చేసే పని గురించి రాసింది ఆ ఒక్కరే. మిగతావాళ్లు అవతలి పార్టీ గురించి రాశారు.

మా అబ్బాయి బ్యాలెట్ కూడా పిట్స్‌బర్గ్‌కి చేరింది. పెరో గురించి వాడే మళ్లీ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు, మెయిన్ పద్ధతి గురించి వాళ్ల ప్రొఫెసర్‌ని అడిగాడట. అధ్యక్షుడి గడిలో ఏం చేస్తున్నావురా అంటే, "నువ్వు చెప్పు, నేను చెప్తా" అన్నాడు. ఇద్దరం చెప్పుకోలేదు. లోపలి కవరు మర్చిపోకు, తేదీ వెయ్యి అని మాత్రం మూడుసార్లు చెప్పాను.

మా ఆయన నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాడు, పొద్దున కారెక్కుతూ మళ్లీ అడిగాడు, చివరికి ఎవరికి వేశావని. బ్యాలెట్ లోపల పెట్టి అంటించేసిన సీక్రసీ కవరు బల్ల మీదే ఉంది. చూపించాను.